నిమ్మకాయంత గురికి ఎంత చదును కావాలి?

తిన్నగా పోయే తూటా అంటూ లోకంలో ఏదీ లేదు. గొట్టం దాటిన క్షణం నుంచీ ప్రతి తూటా కిందికి పడుతూనే ఉంటుంది, చెట్టు నుంచి ఊడిన కొబ్బరికాయ పడినట్టే. కాయ నేల మీద పడడానికి పట్టే సమయంలో తూటా ఎంత ముందుకు పోయిందన్నదే తేడా. ఉండేలుతో మామిడికాయ కొట్టే పిల్లాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దగ్గర కొమ్మకైతే కాయ మీదే గురి పెడతాడు, దూరం కొమ్మకైతే జానెడు పైకి గురి పెడతాడు. ఆ జానెడు తగ్గితే దాన్నే "ఫ్లాట్‌గా కొట్టే" కాలిబర్ (తూటా సైజు) అంటారు, చదునుగా పోయేదన్నమాట.

సంక్రాంతికి టెక్సస్ నుంచీ ఒక్లహోమా నుంచీ భీమవరం, అమలాపురం వైపు దిగే బావమరుదుల ప్రశ్న ఒకటుంటుంది: "బావా, కుందేళ్ళకీ ఉడతలకీ ఫ్లాట్‌గా కొట్టే హ్యాండ్‌గన్ ఏది కొనమంటావ్?" జవాబు కూడా ఒకటే: "ముందు నువ్వు ఎంత దూరంలో తప్పకుండా కొట్టగలవో చెప్పరా." అది చెప్పకుండా కాలిబర్ల పేర్లు ఏకరువు పెట్టడం పిట్టలదొర కబుర్లు. ఈ పోస్టంతా ఆ ఒక్క జవాబుకి విడమరుపు.

చట్టం సంగతి ముందే అనేసుకుందాం. ఇదంతా అమెరికాలో లైసెన్సుతో వేటాడేవాళ్ళ కోసం. మన దగ్గర కుందేలైనా, కొల్లేటి నీటికోడైనా, లంకల్లో కౌజుపిట్టైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. సంక్రాంతి సరదా అనే మినహాయింపు అందులో లేదు. అక్కడ ఉండేవాళ్ళు కూడా వీసా చూసుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. రేంజ్‌లో అద్దె పిస్టల్ చేత పట్టినా ఇదే లెక్క, కాబట్టి లైసెన్సు తరవాతే రేంజ్ (కాల్పుల సాధన చోటు). గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ గొడవ లేదు. టెక్సస్‌లో అయితే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. బాతుల మీద ఆశ పెట్టుకోవద్దు. వలస పక్షుల్ని పిస్టల్‌తో కొట్టడం అక్కడ ఎక్కడా కుదరదు, వాటికి షాట్‌గన్నే.

ఇక గురి. కుందేలుకి గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు మహా అయితే అయిదు సెంటీమీటర్లు. ఉడత తల మూడు, మూడున్నర. మధ్యే మార్గంగా నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ అనుకుందాం. నిమ్మకాయ నడిమధ్యకి గురి పెడితే తూటా రెండు సెంటీమీటర్లు పైకి పోయినా, రెండు కిందికి దిగినా కాయకి తగుల్తుంది. మనకి కావలసిన చదును ఇంతే. గుర్రమంత దుప్పికి 200 మీటర్లలో కావలసిన చదును వేరు, ఆ పాఠం తెచ్చి ఇక్కడ పెట్టకూడదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్; .22 అంటే అంగుళాల్లో తూటా అడ్డకొలత) పెట్టె మీద సెకనుకి 1,235 అడుగులనో 1,260 అడుగులనో ఉంటుంది. అది రైఫిల్ గొట్టం లెక్క. ఆరంగుళాల పిస్టల్ గొట్టంలోంచి అదే తూటా సుమారు 1,050 అడుగులతో, అంటే 320 మీటర్లతో బయటికొస్తుంది. ఆ వేగంతో 25 మీటర్లకి మూడు సెంటీమీటర్లు, 50 మీటర్లకి దాదాపు పదమూడు, 75కి ముప్పై, 100కి యాభై అయిదు సెంటీమీటర్లు పడుతుంది. దూరం రెట్టింపైతే పడడం నాలుగింతలకి పైనే. క్రికెట్ పిచ్ 20 మీటర్లు గనక, పిచ్చిన్నర దూరంలో నిశ్చింతగా ఉన్నవాడికి అయిదు పిచ్‌ల దూరంలో చేతులు వణకడానికి కారణం ఇదే.

.22 మ్యాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే .22) ఆరున్నర అంగుళాల రివాల్వర్‌లోంచి సుమారు 410 మీటర్లతో వస్తే 50 మీటర్లలో ఎనిమిదిన్నర సెంటీమీటర్లు పడుతుంది. .17 హెచ్ఎంఆర్ (ఇంకా సన్నటి తూటా) రైఫిల్‌లో 2,550 అడుగులు. రివాల్వర్‌లో దాన్ని 1,900 అడుగులు, అంటే 580 మీటర్లు అనుకుంటే 50 మీటర్లలో నాలుగుంపావు సెంటీమీటర్లు మాత్రమే పడుతుంది.

చూడగానే .17 మీద మనసు పడుతుంది. కాస్త ఆగండి.

పడడం ఒక్కటే చూస్తే లెక్క పూర్తి కాదు. సైట్లు (గురి చూసే ఆనవాళ్ళు) గొట్టం పైన ఉంటాయి, గొట్టం రవ్వంత పైకి చూస్తూ ఉంటుంది. తూటా సైటు గీతని కింద నుంచి దాటి, పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుంది. కాబట్టి జీరో (తూటా సరిగ్గా గురి పెట్టిన చోటే తగిలే దూరం) ఎక్కడ పెట్టాలో తెలివిగా ఎంచుకుంటే ఎత్తు పట్టకుండానే చాలా దూరం లాగించవచ్చు. గొట్టం మధ్య నుంచి సైటు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుని, రెండు సెంటీమీటర్ల కంటే పైకి లేవకుండా, రెండు కంటే కిందికి దిగకుండా లెక్క కడితే: .22 ఎల్ఆర్‌ని 45 మీటర్లకి జీరో చేస్తే 53 మీటర్ల దాకా నిమ్మకాయ మధ్యకే గురి పెట్టచ్చు. .22 మ్యాగ్నమ్‌ని 55కి చేస్తే 63 దాకా. .17ని 72కి చేస్తే 82 దాకా.

ఈ మూడు అంకెలూ చూశాక మ్యాగ్నమ్ మీద నాకు గౌరవం తగ్గింది. తూటా ధర ఎక్కువ, మోత ఎక్కువ, దక్కేది పది మీటర్లు. అదే .22 ఎల్ఆర్‌ని 25 మీటర్లకే జీరో చేసి ఊరుకునే వాళ్ళున్నారు. అప్పుడు 50 మీటర్లలో అయిదు సెంటీమీటర్లు కిందికి పోయి కాయ పూర్తిగా తప్పుతుంది. "ఈ కాలిబర్ చదును కాదు" అని తుపాకీ మార్చేవాళ్ళలో చాలామందికి మార్చాల్సింది వెనక సైటు స్క్రూ రెండు క్లిక్కులు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, అది కాలిబర్‌ది కాదు. రివాల్వర్‌లో ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం 18 సెంటీమీటర్లు అనుకోండి. ముందు సైటు గాడి మధ్యలోంచి అర మిల్లీమీటరు పక్కకి జరిగితే తూటా 25 మీటర్లలో ఏడు సెంటీమీటర్లు, 50 మీటర్లలో పద్నాలుగు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అర మిల్లీమీటరంటే గోటి మందం. .22 ఎల్ఆర్‌కీ .17కీ 50 మీటర్లలో పడడంలో ఉన్న తేడా ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. అంటే గోటి మందం తప్పు ముందు రెండు కాలిబర్ల తేడా వెలవెలపోతోంది. పైగా పడడం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, నేర్చుకోవచ్చు. చేతి వణుకు పూటకోలా ఉంటుంది.

అందుకని కొనే ముందు మీ దూరం తేల్చుకోండి. అరువు తుపాకీయో, అద్దె తుపాకీయో .22 ఎల్ఆర్ ఏదైనా సరే. తెల్ల కాగితం మీద నిజంగానే ఒక నిమ్మకాయ పెట్టి చుట్టూ గీత గియ్యండి. అలాంటివి పది గీసి, 15 మీటర్లలో నిలబెట్టండి. నేల మీద కూర్చుని, వీపు దేనికైనా ఆనించి, మోకాళ్ళ మీద మోచేతుల కిందిభాగం పెట్టి పట్టుకోండి, వేటలో దొరికేది మహా అయితే ఈ ఆసరాయే. గొట్టాన్ని మాత్రం రాయి మీదో కొయ్య మీదో ఆనించద్దు. గట్టి దాని మీద ఆనిన గొట్టం పేలినప్పుడు ఎగిరి తూటాని పైకి తోస్తుంది, ఆ జీరో చేతిలో పట్టుకున్నప్పుడు పనికిరాదు. ఒక్కో నిమ్మకాయకి ఒక్కటే తూటా. పదికి తొమ్మిది లోపల పడితే అయిదు మీటర్లు వెనక్కి జరగండి. తొమ్మిది పడని చోట ఆగి, దానికి ముందు దూరం రాసుకోండి. వేరే రోజు మళ్ళీ చెయ్యండి. రెండింట్లో తక్కువది తీసుకుని, అందులోంచి ఇంకో అయిదు మీటర్లు కొట్టెయ్యండి, ఎందుకంటే పొదలో ఆయాసపడుతూ గురి పెట్టే మనిషి రేంజ్‌లో కూర్చున్న మనిషి కాడు.

చాలామందికి ఇక్కడ వచ్చే అంకె 20, 25. సాధన ఉన్నవాళ్ళకి ఇనుప సైట్లతో 35, 40. ఈ దూరాల్లో .22 ఎల్ఆర్ చదునుకి పేరు పెట్టడానికి ఏమీ లేదు. 50 దాటి పదికి తొమ్మిది వేసేవాళ్ళే తరవాతి పేరాలు మనసు పెట్టి చదవాలి, మిగతావాళ్ళు సరదాకి చదవచ్చు.

.22 ఎల్ఆర్‌లో రకాలు. బరువు గ్రెయిన్లలో చెప్తారు. కంసాలి గురివింద గింజ రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ తూగుతుంది, 40 గ్రెయిన్ల తూటా అంటే ఇరవయ్యొక్క గింజల ఎత్తు. 40 గ్రెయిన్ల స్టాండర్డ్ వెలాసిటీ మంచి గురికి మొదటి ఎంపిక. తల మీద కొట్టేవాళ్ళకి గుండు ముక్కుదీ, చదును ముక్కుదీ చాలు. సీసీఐ వాళ్ళ చిన్న జంతువుల చదును ముక్కు తూటా ఇందుకే చేసింది. ఛాతీ మీద కొడితే 36, 38 గ్రెయిన్ల హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండి, తగలగానే విచ్చుకునేది). స్టింగర్ లాంటి అతివేగం తూటాలు 32 గ్రెయిన్లు, రైఫిల్‌లో 1,640 అడుగులు. చూడ్డానికి చదునుగా ఉన్నా వాటి కేసు (మందు నింపే లోహపు తొడుగు) మామూలు దానికంటే కాస్త పొడుగు. మ్యాచ్ చాంబర్ (పోటీల కోసం బిగుతుగా చేసిన తూటా గది) ఉన్న టార్గెట్ పిస్టల్‌లో అది బిగుసుకుపోయి, కేసు చిరగడమో బయటికి రాకపోవడమో జరుగుతుంది. ఒక రకం నచ్చాక ఒకే లాట్ నంబరువి 500 తూటాల డబ్బా తెచ్చుకోవాలి. బ్రాండు మారితే 50 మీటర్లలో తగిలే చోటు సెంటీమీటర్ల లెక్కన మారిపోతుంది, కాలిబర్ మార్చినంత పని.

.22 మ్యాగ్నమ్ 1959లో వించెస్టర్ తెచ్చింది. దాని మందు రైఫిల్ గొట్టం కోసం ఎంచింది, నెమ్మదిగా కాలుతుంది. నాలుగంగుళాల గొట్టంలో కొంత మందు బయటే మండి, ముందు పెద్ద మంట, చెవులు గింగిర్లెత్తే మోత, వేగం మాత్రం అనుకున్నంత లేదు. రివాల్వర్‌లో సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి ఇంకొంత గ్యాస్ పోతుంది. ఆరున్నర అంగుళాల కన్నా తక్కువ గొట్టంలో మ్యాగ్నమ్ కొనడం డబ్బు దండగ. రూగర్ సింగిల్ సిక్స్‌లో ఒకే గొట్టానికి రెండు సిలిండర్లు ఇస్తారు, ఒకటి ఎల్ఆర్‌కి, ఒకటి మ్యాగ్నమ్‌కి. ఏ సిలిండర్ ఎక్కించామో చూసుకోవాలి. మ్యాగ్నమ్ సిలిండర్‌లో ఎల్ఆర్ తూటా వదులుగా దిగుతుంది, పేలిస్తే కేసు చీలి గ్యాస్ వెనక్కి కొడుతుంది. సిలిండర్ మార్చినప్పుడల్లా జీరో కూడా మారుతుంది గనక "ఒకటి కొంటే రెండు" అన్నది పచారీ కొట్టు లెక్క, వేటలో అలా కుదరదు.

.17 హెచ్ఎంఆర్ 2002లో హోర్నడీ తెచ్చింది. మ్యాగ్నమ్ కేసుకే మెడ నొక్కి సన్నం చేసి, 17 గ్రెయిన్ల తూటా పెట్టారు. తొమ్మిది గురివింద గింజల ఎత్తు. చదును విషయంలో చేతి తుపాకీలో మామూలుగా దొరికే, కేసు అంచు మీద దెబ్బకి పేలే తూటాల్లో దీన్ని మించిన రిమ్‌ఫైర్ లేదు. లోపాలు మూడు. మెడ సన్నం కాబట్టి పాత డబ్బాల్లో ఒక్కో కేసు మెడ దగ్గర చిట్లి కనిపిస్తుంది, లోడ్ చేసే ముందు ఒక్కోటీ వెలుగులో తిప్పి చూడాలి. బ్లోబ్యాక్ సెమీ ఆటోల్లో (పేలుడు తోపుతోనే మళ్ళీ లోడయ్యేవి) లోపల ఒత్తిడి పూర్తిగా తగ్గక ముందే కేసుని బయటికి లాగేసి అది పగిలిన సందర్భాలున్నాయి, అందుకని రివాల్వర్ లేదా సింగిల్ షాటే (ఒక్కో తూటా చేత్తో పెట్టేది) నయం. మూడోది గాలి.

గాలి మీద ఒక అపోహ పోవాలి. చదునుగా పోయే తూటా గాలికి లొంగదని అనుకుంటారు. గాలి నెట్టేది తూటా ఎంతసేపు గాల్లో ఉందన్న దాన్ని బట్టి కాదు, దారిలో అది ఎంత వేగం పోగొట్టుకుంది, అందువల్ల ఎంత ఆలస్యమైంది అన్న దాన్ని బట్టి. ధ్వని వేగానికి కాస్త పైన బయలుదేరే తూటాలు అందరికంటే ఎక్కువ పోగొట్టుకుంటాయి. అందుకే 320 మీటర్లతో బయలుదేరే .22, గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలిలో 50 మీటర్లలో రెండు సెంటీమీటర్ల పైచిలుకు జరిగితే, రైఫిల్‌లోంచి 380 మీటర్లతో బయలుదేరే అదే తూటా నాలుగున్నర జరుగుతుంది. రివాల్వర్‌లోంచి వచ్చే .17 మూడున్నర. 100 మీటర్లకి అది పదిహేను దాటచ్చు. అంతర్వేది తీరాన మధ్యాహ్నం సముద్రగాలి లేచాక గాలిపటం దారం ఎలా వంగుతుందో చూసినవాళ్ళకి పశ్చిమ టెక్సస్ మైదానం గాలి కొత్త కాదు. ఎత్తు తప్పుని చదును కాపాడుతుంది, పక్క తప్పుని ఎవరూ కాపాడరు. గాలి ఎదురుగానో వెనకగానో ఉండేలా చోటు మార్చుకోవడమే దారి.

సెంటర్‌ఫైర్‌లో (కేసు అడుగు మధ్యలో దెబ్బకి పేలే తూటాలు) పెద్ద జాబితా ఉంది గానీ చిన్న వేటకి పనికొచ్చేవి కొద్దే. 5.7×28 పిస్టల్‌లోంచి చదునుగానే పోతుంది, తూటా ధర .22కి చాలా రెట్లు. .327 ఫెడరల్ మ్యాగ్నమ్ రివాల్వర్‌లో 85 నుంచి 100 గ్రెయిన్లు 1,400 అడుగుల పైన పోతాయి, పైగా అదే సిలిండర్‌లో .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్, .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ కూడా పేలతాయి. ఆఖరిది మన వాళ్ళకి తెలిసిందే. ఇక్కడ లైసెన్సు ఇళ్ళల్లో ఉండే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ దాంతోనే పేలుతుంది. 98 గ్రెయిన్ల మొండి ముక్కు వాడ్‌కట్టర్ 230 మీటర్లతో పోతే 50 మీటర్లలో పాతిక సెంటీమీటర్ల దాకా పడుతుంది, చదునులో అన్నిటికన్నా అధ్వానం. అయినా 25 మీటర్ల లోపల గుండ్రటి రంధ్రం కోసి మాంసం పాడు చెయ్యకుండా పడగొడుతుంది. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ళకి ఇది గుట్టుగా మంచి వేట తూటా. .357తో ఛాతీ మీద కొట్టిన కుందేలుని ఇగురుకి కాదు గదా, పులుసుకి కూడా ఏరుకోలేం.

చేతి తుపాకీలో రైఫిలంత చదును కావాలన్న మోజు 1960ల్లో బాగా నడిచింది. 1961లో వచ్చిన .22 రెమింగ్టన్ జెట్ దానికి నమూనా. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 53 రివాల్వర్‌ కోసం .357 కేసుని పొడుగ్గా వాలుగా నొక్కి చేశారు. వాలు కేసు పేలినప్పుడు చాంబర్ గోడని పట్టుకోకుండా వెనక్కి జారి ఫ్రేముకి ఆనుకునేది, సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోయేది. చాంబర్‌లో రవ్వంత నూనె మిగిలినా ఆ జారుడు ఎక్కువయ్యేది. తుడిచి ఆరబెట్టిన చాంబర్లతో కొంత నయం, పూర్తిగా కాదు. చదును కోసం రివాల్వర్‌ని ఎంతవరకు సాగదీయచ్చో అక్కడ తేలిపోయింది. ఆ తరవాత చదును కోరేవాళ్ళు సింగిల్ షాట్‌కి వెళ్ళిపోయారు. 1963లో రెమింగ్టన్ సింగిల్ షాట్ పిస్టల్ ఎక్స్‌పీ-100తో .221 ఫైర్‌బాల్ వచ్చింది, 50 గ్రెయిన్లు 2,650 అడుగులతో. 1967లో థాంప్సన్ సెంటర్ కంటెండర్ వచ్చింది, గొట్టం మార్చుకుంటూ ఒకే పిడి మీద .22 ఎల్ఆర్ నుంచి .22 హార్నెట్, .223 దాకా. స్కోప్ పెట్టిన ఫైర్‌బాల్‌ని 120 మీటర్లకి జీరో చేస్తే నిమ్మకాయ లెక్క 130 మీటర్లు దాటుతుంది. అయితే దాని శక్తి .22 ఎల్ఆర్‌కి ఏడెనిమిదింతలు. ప్రెయిరీ డాగ్ అనే బొరియ ఉడతలనీ నేల ఉడతలనీ పొలాల్లోంచి తీసెయ్యడానికి సరే, వండుకునే కుందేలుకి కాదు.

వండుకునే మాట వచ్చింది గనక: ప్లాస్టిక్ మొన ఉన్న .17 తూటా భుజం మీద తగిలితే ముక్కలై సీసం, రాగి రజను మాంసమంతా చిమ్ముతుంది. దాన్ని తల మీద తప్ప కొట్టకూడదు. తల మీదే కొట్టగలిగితే .22 సరిపోయేది గదా అంటే, అవును, 50 మీటర్ల లోపల సరిపోయేది. తగిలిన చోటు చుట్టూ రెండు వేళ్ళ మేర కోసి పారెయ్యండి. అమెరికా కుందేళ్ళలో కొన్నిటికి టులరీమియా అనే జబ్బు ఉంటుంది. తోలు వలిచేటప్పుడు చేతులకి గ్లవ్స్, కాలేయం మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే జంతువుని అక్కడే వదిలెయ్యాలి, మిగతావి బాగా ఉడికించాలి. మన ఇగురు మంట మీద అది ఎలాగూ జరుగుతుంది.

సైట్ల ఎంపిక కాలిబర్ ఎంపిక కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. మామూలు ముందు సైటు మూడు మిల్లీమీటర్ల పైన వెడల్పు. కంటికి 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 50 మీటర్లలో ఇరవై సెంటీమీటర్లని కప్పేస్తుంది, కుందేలు మొండెం దాదాపు కనపడదు. అందుకని సైటు పై అంచు మీద నిమ్మకాయ కూర్చున్నట్టు జీరో చేసుకోవాలి, కాయని కప్పేలా కాదు. రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపే సైటు) పెడితే 4 ఎంఓఏ (కోణం కొలత) చుక్క 50 మీటర్లలో ఆరు సెంటీమీటర్లు, నిమ్మకాయ కన్నా పెద్దది. 2 ఎంఓఏ కొనండి, వెలుగు తగ్గించి వాడండి. స్కోప్ అయితే పిస్టల్‌దే కావాలి, చేయి చాచిన దూరం నుంచి బొమ్మ కనిపించేది. రైఫిల్ స్కోప్ తెచ్చి బిగిస్తే చూడ్డానికి కన్ను దగ్గరికి తేవాలి, పేలగానే కనుబొమ్మ చిట్లుతుంది. స్కోప్ నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో కూర్చుంటుంది కాబట్టి పది మీటర్ల లోపల తూటా రెండు మూడు సెంటీమీటర్లు కిందే తగుల్తుంది, కాళ్ళ దగ్గర లేచిన ఉడతకి దీన్ని మరిచిపోయి తప్పేవాళ్ళు ఎక్కువ. చెవులకి రక్షణ .22కైనా తప్పదు, చిన్న గొట్టం మోత రైఫిల్ మోత కన్నా చెవికి దగ్గర.

మరి తేల్చి చెప్పమంటే: మీ దూరం 40 మీటర్ల లోపలైతే .22 ఎల్ఆర్, అయిదున్నర నుంచి ఏడు అంగుళాల గొట్టం, బ్రౌనింగ్ బక్ మార్కో రూగర్ మార్క్ ఫోరో, సైట్లు తిప్పుకునే వీలున్నది. మిగిలిన డబ్బు తూటాలకి. 50 దాటి నిజంగా కొట్టగలిగితే స్కోప్‌తో .17 హెచ్ఎంఆర్ సింగిల్ షాట్, పది అంగుళాలు ఆ పైన గొట్టం. మ్యాగ్నమ్ ఇప్పటికే ఇంట్లో ఉంటే వాడుకోండి, కొత్తగా కొనద్దు.

ఇక్కడ ఉండి ఈ ముచ్చట తీర్చుకోవాలంటే లైసెన్సు అక్కర్లేని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్ ఉంది. పది మీటర్ల కాగితం మీద పది పాయింట్ల వలయం వ్యాసం పదకొండున్నర మిల్లీమీటర్లు, నిమ్మకాయ కాదు, నిమ్మ గింజ. అందులో నెగ్గుకొచ్చిన చెయ్యి ఏ కాలిబర్ అయినా పట్టచ్చు. రైఫిల్ క్లబ్ సభ్యత్వం ఉంటే 25 మీటర్లలో .22. అమెరికాలో ఉండి వేట రుచే కావాలంటే సిలువెట్ ఉంది: ఇనప కోడి, పంది, టర్కీ, పొట్టేలు, స్మాల్‌బోర్‌లో 25, 50, 75, 100 మీటర్లలో వరసగా నిలబెట్టి .22తో పడగొట్టే ఆట. పైన చెప్పిన మూడు, పదమూడు, ముప్పై, యాభై అయిదు సెంటీమీటర్ల లెక్క కళ్ళకి కట్టేది అందులోనే.

చివరగా, చదును నేల మీద చదును తూటా గురించి. అక్కడైనా ఇక్కడైనా మన డెల్టా లాంటి బల్లపరుపు నేలలో తూటాని ఆపేది ఏదీ ఉండదు. .22 తూటా పెట్టె మీదే ఒకటిన్నర మైళ్ళ దాకా ప్రమాదం అని రాసి ఉంటుంది, అంటే రెండు కిలోమీటర్లు దాటి, మధ్యలో ఒక ఊరు, రెండు పుంతలు. నీళ్ళు అంతకన్నా చెడ్డవి. కాలవలో పెంకు విసిరితే కప్పగంతులు వేసుకుంటూ అవతలి గట్టెక్కినట్టే, తక్కువ కోణంలో తగిలిన తూటా నీటి మీద నుంచి లేచి ఎటు పోతుందో చెప్పలేం. గట్టు మీద కూర్చున్న కుందేలు వెనక ఆకాశం కనిపిస్తే మీట మీద వేలు పెట్టకూడదు. అది గట్టు దిగి, వెనక మట్టి కనిపించేదాకా ఆగాలి. దిగకపోతే దాని అదృష్టం.